బీరువా తలుపు వాలిందన్నారుగా!

చి. బుజ్జికి, చిన్నాకి తాతయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నాయనమ్మా కులాసా.

మీరు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. టేకు బీరువా కుడి తలుపు కింద అంచు రాసుకుంటోంది, మూస్తుంటే కిర్రుమంటోంది. దాన్ని పట్టుకుని ఊగిందెవరో నేను అడగను. మీ నాన్న కూడా చిన్నప్పుడు ఆ తలుపు పట్టుకునే ఊగాడు, కాబట్టి అడిగే మొహం నాకు లేదు.

కింద రాసుకుంటోంది కదా అని కింది బందు (తలుపు తిరిగే కీలు) బిగించబోతారేమో, ఆగండి. కీలెరిగి వాత పెట్టమన్నారు. తలుపు బరువు పై బందుని చట్రం నుంచి ఊడలాగుతుంటుంది, కింది బందుని చట్రానికేసి నొక్కుతుంటుంది. అందుకే మామూలుగా ముందు వదులయ్యేది పైదే. కావాలంటే చూడండి: ఒకరు తలుపు సగం తెరిచి, బందుల్లేని వైపు అంచు పట్టుకుని కాస్త పైకెత్తి దించండి. రెండోవాళ్ళు పై బందు మీదే కన్నేసి ఉంచండి. బందు రేకు చెక్క మీంచి లేచి మళ్ళీ అంటుకుంటుంటే తప్పు స్క్రూలది. రేకు కదలకుండా మధ్యలో చీల మాత్రం టకటకలాడుతుంటే బందే అరిగిపోయినట్టు, కొత్తది వేయాల్సిందే.

వీడియోలో చూస్తే మనది స్క్రూల జబ్బే. అందులో నా పాపమూ ఉంది. ఇల్లు మారినప్పుడు ఆ బందులు బిగించినతను స్క్రూని సుత్తితో ముప్పాతిక దాకా దిగ్గొట్టి, చివర్లో రెండు చుట్లు తిప్పి వదిలేశాడు. నేను పక్కనే కాఫీ తాగుతూ చూస్తూ ఊరుకున్నాను. స్క్రూ మరలు చెక్క నారలో దారి కోసుకుంటూ దిగాలి, ఆ నారే దాన్ని పట్టి ఉంచేది. సుత్తి దెబ్బకి నార చిరిగిపోతుంది. ఇక ఎంత తిప్పినా స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు. తిప్పినకొద్దీ మిగిలిన కాస్త నారా పొడైపోతుంది.

లావు స్క్రూ వేస్తే సరిపోదా అంటాడు చిన్నా. నేనూ ఒకసారి అలాగే వేశాను, మా వంటింటి తలుపు చట్రం జానెడు పొడుగున చీలింది. సెలవులకొస్తే చూపిస్తాను.

కన్నంలో చెక్క పోయింది కాబట్టి చెక్కే పెట్టాలి. పూజగదిలో వెలిగించి వదిలేసిన అగరబత్తి పుల్లలుంటాయి చూడండి, అవి వెదురువి, బాగా పనికొస్తాయి. మసి అంటిన వైపు తుంచేయండి. అవి లేకపోతే అగ్గిపుల్లలు, మందు తలలు తీసేసి. తలుపు కింద పాత పుస్తకాలు పేర్చి బరువు ఆనించండి. అన్ని స్క్రూలూ ఒక్కసారి ఊడదీయకండి, తలుపు మీద పడుతుంది. ఒకటి తీసి, కన్నంలో పొడి ఊదేసి (కళ్ళు మూసుకుని ఊదు బుజ్జీ), పుల్లల్ని ఫెవికాల్‌లో ముంచి, ఇక పట్టవు అనేదాకా దూర్చండి. పైకి మిగిలింది నాన్న బ్లేడుతో సమంగా కోసేస్తాడు. మర్నాటిదాకా ముట్టుకోవద్దు. పచ్చి జిగురులో స్క్రూ దింపితే పుల్లలన్నీ దాంతోపాటే తిరుగుతాయి. ఆరాక సన్నమేకుతో మధ్యలో చిన్న గుంట చేసి, స్క్రూని నిటారుగా, చేత్తోనే తిప్పండి. రేకు చెక్కకి ఆనగానే ఆపేయాలి. తర్వాత రెండోది. రోజుకొకటి చొప్పున నాలుగు రోజులు పడుతుంది, పట్టనివ్వండి.

ఆ బందులు ఇత్తడివి, స్క్రూలూ ఇత్తడివే. ఇత్తడి మెత్తన, తల తొందరగా చెడుతుంది. ముందు అదే సైజు ఇనప స్క్రూ దింపి తీసేసి, తర్వాత ఇత్తడిదాని మరలకి కాస్త సబ్బు రాసి దింపండి. కిర్రుమనే దానికి కొబ్బరినూనె పొయ్యకండి, చలికాలం గడ్డకడుతుంది, దుమ్ము పట్టి జిడ్డవుతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు.

మీ అమ్మ కింద అంచు చిత్రిక పట్టిద్దామందట. వద్దని చెప్పండి. పై బందు బిగిస్తే తలుపు దానంతటదే లేస్తుంది, చిత్రిక పట్టిన చెక్క మళ్ళీ రాదు. పైగా ఇప్పుడు వానలు. చెక్క తేమ పీల్చి ఉబ్బే రోజులు. ఎండలొచ్చేదాకా చూద్దాం.

మీ వంటింటి అల్మరాలు వేరే రకం. వాటి బందు తలుపు లోపల 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంటలో కూర్చుంటుంది. అక్కడ తలుపు వంకరైతే చాలావరకు బందు మీదున్న సర్దుబాటు స్క్రూ అరచుట్టు తిప్పితే సర్దుకుంటుంది. కన్నంలోంచి రవ్వలా రాలితే మాత్రం అది పార్టికల్ బోర్డు. దానిలో నారే ఉండదు, పుల్లలతో అంతగా పట్టదు. బందుని ఒక అంగుళం పైకో కిందకో జరిపించి కొత్తచోట వేయించండి.

అన్నట్టు, ఎర్ర పిడి స్క్రూడ్రైవర్ మీ ఇంట్లోనే ఉంది. పోయిన సంక్రాంతికి మీ నాన్న ఇక్కణ్ణించి పట్టుకెళ్ళాడు. పని అయ్యాక నాది నాకు పంపమనండి.

మీ
తాతయ్య