తేగ వేరా, మొలకా?

చిన్నపిల్లలకు మొక్కల భాగాలు నేర్పే చార్టు ఎక్కడైనా ఒకటే. క్యారెట్ వేరు, తోటకూర ఆకు, కాలీఫ్లవర్ పువ్వు, సెనగలు గింజలు. పిల్లలు ఇట్టే బట్టీ పట్టేస్తారు. బంగాళాదుంప మాత్రం కాండం అనగానే తెల్లముఖం వేస్తారు. వాళ్ల తప్పేముంది? నేలలో ఉండేదంతా వేరేనన్నట్టు నేర్పింది మనమే.

పేర్లు వల్లె వేయించే కన్నా ఆనవాళ్లు చూపించాలి. బంగాళాదుంపను చేతికిచ్చి, దాని కళ్లు వెతకమనండి. ఒక్కో కంటి పక్కన కనుబొమలాంటి సన్నని గీత కనబడుతుంది. అది చిన్న ఆకు రాలిన మచ్చ, కన్నేమో మొగ్గ. ఆకు, దాని మొదట్లో మొగ్గ ఉండేది కాండానికే. పక్కనే క్యారెట్ పెడితే దాని ఒంటి మీద పీచువేళ్లు తప్ప కళ్లు దొరకవు.

శ్రీకాకుళం జిల్లా పిల్లలకైతే చార్టుతో పనే లేదు. ఉద్దానంలో జీడితోటలున్నాయి. ఎర్రగానో పసుపుగానో నిగనిగలాడే జీడిపండు నిజానికి పండు కాదు, రసం నింపుకుని ఉబ్బిన కాడ. దాని కింద వేలాడే పిక్కే అసలు పండు, అందులోని పప్పు విత్తనం. పిక్క తొక్కలో ఒంటికి తగిలితే పొక్కించే జిడ్డునూనె ఉంటుంది. తియ్యటి కాడ కోసం వచ్చిన గబ్బిలం పిక్కను కొరక్కుండా దూరంగా పడేస్తే, అక్కడ ఇంకో చెట్టు మొలుస్తుంది. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు నల్లబడేది ఆ నూనె వల్లే. జీడిపప్పు రుచి తెలిసిన పిల్లలకు ఈ సంగతీ తెలియాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం తాటిచెట్టు. వేసవిలో తినే ముంజ లేత గింజ. అందులోని మెత్తటి గుజ్జు, నీళ్లు పుట్టబోయే మొక్కకు దాచిన తిండి. కోయకుండా వదిలేస్తే కాయ పండి, గుజ్జు రాయిలా గట్టిపడుతుంది. రాలిన టెంకల్ని పాతర వేస్తే మొలక పైకి రాకుండా ముందు నేలలోకి దిగుతుంది. సంక్రాంతి రోజుల్లో తవ్వి, కాల్చుకునో ఉడకబెట్టుకునో తినే తేగ అదే. చూడ్డానికి అచ్చం వేరులాగే ఉంటుంది. చీల్చి చూస్తే మధ్యలో లేత పసుపు రంగులో, పిల్లలు చందమామ అని పిలిచే మడతల ఆకు ఉంటుంది. రేపటి తాటాకు అది. దాని చుట్టూ పిండితో లావెక్కిన ఆకు తొడుగునే మనం నములుతాం. అసలు వేళ్లు కింది కొసన విడిగా కనబడతాయి. టెంకను కూడా పగలగొట్టి చూపించండి. లోపలి తియ్యటి బుర్రగుంజు గట్టిపడిన తిండిని కరిగించి, పీల్చి, తేగకు పంపిస్తూ ఉంటుంది. మొలకెత్తిన కొబ్బరికాయలోని పువ్వు పనీ ఇదే.

ఇంత చెప్పాక పిల్లలు ప్రతి ఆకునూ నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. మునగకు ఆకు, పువ్వు, కాయ అన్నీ కూరకు పనికొస్తాయి. బంగాళాదుంపకు దుంప ఒక్కటే. దాని ఆకుల్లోనూ మొలకల్లోనూ సోలనిన్ అనే విషం ఉంటుంది. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలోనూ అది పెరుగుతుంది, ఉడికించినా పోదు. అలాంటి దుంప ఇంట్లో కనబడితే పారేసే ముందు ఒకసారి పిల్లలకు చూపించండి.