కాలేజీ ఆవరణలో నడక ధ్యానం: అపోహలు - వాస్తవాలు

అపోహ: మా కాలేజీలో చూడ్డానికేముంది, ఎండా నాలుగు కానుగ చెట్లూ తప్ప?

వాస్తవం: నడక ధ్యానమంటే నడుస్తూ ధ్యాసను పాదం మీద, చెవి మీద, కంటి మీద నిలపడం. దానికి నెల్లూరైనా ఒంగోలైనా ఆ నాలుగు కానుగ చెట్లే చాలు. కొమ్మ కిందికి వంగిన చోట ఆగి, ఒక్క ఆకు పట్టుకుని చూడండి. చాలా ఆకుల మీద చిన్న చిన్న పచ్చటి బొడిపెలుంటాయి. అవి కాయలు కావు. కంటికి ఆనని ఆకు నల్లి (మైట్) కాపురం పెడితే, దాని చుట్టూ ఆకే పెంచిన గూళ్లు. వేసవి మొదట్లో పాతాకు రాలి తళతళలాడే లేతాకు వస్తుంది, ఆ వెనకే పూత. చెట్టు కింద పేలాలు చల్లినట్టు పూలు రాలతాయి. వాటిని తొక్కకుండా నడవడమే మంచి సాధన.

అపోహ: ఎంత నెమ్మదిగా నడిస్తే అంత గొప్ప ధ్యానం.

వాస్తవం: మరీ నెమ్మదిస్తే ఒంటికాలి మీద బరువు ఆగక తూలతారు. ధ్యాసంతా పడిపోకుండా చూసుకోవడానికే సరిపోతుంది. మామూలు వేగంలో సగం చాలు. ఇరవై అంగల దారి ఎంచుకుని అటూ ఇటూ అక్కడే తిరగండి. చూపు రెండు గజాల ముందు నేల మీద ఉండాలి. మొదటి ఐదు నిమిషాలు పాదమే: మడమ ఆనడం, బరువు ముందుకు జారడం, వేళ్లు నేలను వదలడం. తర్వాత ఐదు నిమిషాలు చెవి. ఆ తర్వాతే కన్ను. మూడూ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. ఎక్కువమంది తప్పిపోయేది మలుపు దగ్గర: తిరిగే తొందరలో ఆలోచన దూరిపోతుంది. అక్కడ ఆగి, మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలి, అప్పుడు తిరగండి.

అపోహ: మనసులో ఆలోచనే రాకూడదు.

వాస్తవం: వస్తుంది. పరీక్ష గుర్తొస్తుంది, మెస్ బిల్లు గుర్తొస్తుంది. గుర్తొచ్చిందని తెలియగానే మళ్లీ పాదం దగ్గరికి రండి, ఎన్నిసార్లైనా.

అపోహ: పిట్టల పేర్లు తెలియాలి.

వాస్తవం: అక్కర్లేదు. పేరు దొరగ్గానే చూడ్డం ఆపేస్తాం. కూత ఎటునుంచి వచ్చింది, ఎంతసేపు సాగింది, దేనికి ఏది బదులిచ్చింది అని వినండి. వేసవిలో ‘కుహూ’ అని సాగదీసేది మగ కోకిల. ఒంటినిండా చుక్కలున్న ఆడ కోకిల ‘కిక్ కిక్’ మంటూ గబగబా అరుస్తుంది.

అపోహ: చెప్పుల్లేకుండానే నడవాలి.

వాస్తవం: మన ఇసుక నేలల్లో పల్లేరుకాయలుంటాయి, మే నెలలో పొద్దెక్కితే సిమెంటు దారి కాలుతుంది. పలచటి చెప్పులు వేసుకుని ఏడు గంటల్లోపు ముగించండి. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ రోజుల్లో గడ్డిలో పాములుంటాయి గనుక గట్టి దారి మీదే నడవండి, పాచి పట్టిన చోటు వదిలేయండి.