కల్లుప్పుకు పోని పాదరసం

చేపను బూడిదతో, కల్లుప్పుతో రాయి మీద తోమి నాలుగు నీళ్లు కడిగితే జిగురు పోతుంది, నీచు పోతుంది. పాదరసం మాత్రం పోదు, ఎందుకంటే అది పైన అంటుకున్న మురికి కాదు. గాలి ఆడని బురదలో కొన్ని బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా, అంటే ఒంట్లోకి సులువుగా చేరే రూపంలోకి మారుస్తాయి. చేపలోకి చేరాక అది కండ ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుని కూర్చుంటుంది. చింతపండు పులుసులో ఎంత మరిగించినా వదలదు. వేపుడులో ఇంకో చిత్రం: ముక్కలోని నీరు ఆవిరై బరువు తగ్గుతుంది, పాదరసం తగ్గదు. గ్రాముకి లెక్కేస్తే పెరిగినట్టే.

కాబట్టి జాగ్రత్త వంటింట్లో కాదు, బజారులోనే మొదలవ్వాలి. చేప ఏం తిని, ఎన్నేళ్లు బతికిందన్నదే అసలు ప్రశ్న. పుస్తెలమ్మైనా తినాలనే పులస నీటిలో తేలే సూక్ష్మజీవులను (ప్లవకాలను) వడగట్టుకుని తినే జాతి. భీమవరం, ఆకివీడు చెరువుల్లో బొచ్చె, శీలావతి ఎక్కువగా తవుడు తిని ఏడాది, ఏడాదిన్నరలో పట్టుబడికొస్తాయి. పాదరసం పోగేసుకునేంత వయసు వాటికి రాదు. కాకినాడ రేవుకొచ్చే కొమ్ముకోనం, పెద్ద సొర సంగతి వేరు. అవి ఏళ్ల తరబడి సాటి చేపల్ని మింగి, వాటిలోని పాదరసాన్నంతా తమలో దాచుకున్నవి.

లెక్క చూడండి. ఒంటి బరువు కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం మించకూడదని అంతర్జాతీయ నిపుణుల సంఘం చెప్పింది. 60 కిలోల మనిషికి అది 96 మైక్రోగ్రాములు. సొరలో మిథైల్ పాదరసానికి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి కిలోకు 1.6 మిల్లీగ్రాములు. సరిగ్గా ఆ పరిమితిలో ఉన్న సొర 60 గ్రాములు తింటే వారం కోటా పూర్తి. అదే కిలోకు 0.05 మిల్లీగ్రాములున్న చేపైతే దాదాపు రెండు కిలోలు తినొచ్చు. పరిమితి లోపల ఉన్నంత మాత్రాన ఎంతైనా తినొచ్చని కాదన్నమాట.

బాలింతకు పాలు పడతాయని సొరపిట్టు పెట్టడం మన తీరంలో ఆనవాయితీ. చిన్న పాలసొర అయితే పెద్ద సొరంత బెంగ లేదు. నిజానికి బాలింత కంటే గర్భిణి విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. మిథైల్ పాదరసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది. బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తంకంటే సుమారు 1.7 రెట్లు ఉంటుంది, ఎదిగే మెదడునే దెబ్బతీస్తుంది. ఒంట్లో చేరినది సగానికి తగ్గడానికే 50 నుంచి 70 రోజులు పడుతుంది. నెల తప్పాక మానేస్తే ఆలస్యమే. అలాగని చేపలే మానొద్దు. కవళ్లు, మెత్తళ్లు, చెరువు చేపలు ఉండనే ఉన్నాయి.

కాడ్మియం, సీసం కూడా పాదరసంలాంటి భారలోహాలే, కానీ వాటి దారి వేరు. ఇవి మెత్తటి బంకమట్టికి అతుక్కుని మురుగు కాలువల అడుగున చేరతాయి. ఆ బురదలో మేసే బొమ్మిడాయి, జెల్ల వంటివాటికి అక్కడే అంటుకుంటాయి. కండలో తక్కువ, కాలేయం, మూత్రపిండాలు, మొప్పల్లో ఎక్కువ. కాబట్టి ఇక్కడ కత్తిపీట పనికొస్తుంది: పేగులు, మొప్పలు పూర్తిగా తీసి పారేయాలి. పీత డిప్పలోని గోధుమరంగు గుజ్జు రుచే, కానీ కాడ్మియం పోగయ్యేది అందులోనే. మన మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి పది నుంచి ముప్పై ఏళ్లు. ఇనుము తగ్గి రక్తహీనత ఉన్నవారి పేగులు కాడ్మియం, సీసం రెండింటినీ మరింత పీల్చుకుంటాయి.

ఒక్కోసారి పులుసులో సీసానికి చేప పూచీ కాదు. సీసం కలిసిన తగరంతో కళాయి పోసిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాగితే సీసం కూరలోకి దిగుతుంది. మట్టి దాక నయం, లేదా స్టీలు.

చెరువు రైతులు చేపను ఈ లోహాల పరీక్షకు పంపితే వీపు కండ విడిగా, కాలేయం విడిగా పంపాలి. నివేదికలో అంకె పచ్చి బరువుకా, ఎండు బరువుకా అని ముందు చూడాలి. పచ్చి చేపలో ముప్పాతిక పైగా నీరే, కాబట్టి ఎండు లెక్క నాలుగైదు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. పరిమితులు పచ్చి బరువుకి పెట్టినవి. ఇది గమనించక మంచి చేపను విషమన్న వాళ్లూ ఉన్నారు, అడ్డంగా లెక్కేసి చెడ్డదాన్ని మంచిదన్న వాళ్లూ ఉన్నారు.