జనాభా పెరుగుదల: ట్రాఫిక్ చూసి లెక్క కట్టకండి

అపోహ: "బెంగళూరు చూడండి, జనాభా ఎలా పేలిపోతోందో!"

నా పని జనాభా లెక్కలని తెలియగానే బెంగళూరు మారతహళ్లిలో ఉండే మన తెలుగువాళ్లు మొదట అనే మాట ఇదే. 2001లో 65 లక్షలున్న బెంగళూరు అర్బన్ జిల్లా 2011కి 96 లక్షలైంది. అంటే 47 శాతం. అదే పదేళ్లలో కర్ణాటక మొత్తంగా పెరిగింది 15.6 శాతమే. ఆ తేడాలో ఎక్కువ భాగం మనమే, వలస వచ్చినవాళ్లం. సహజ పెరుగుదల అంటే పుట్టినవాళ్ల సంఖ్యలోంచి పోయినవాళ్లను తీసేస్తే మిగిలేది. బస్సు దిగినవాళ్లు ఆ లెక్కలోకి రారు.

అపోహ: జనన సర్టిఫికెట్లు లెక్కపెడితే చాలు.

మనలో తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. వైట్‌ఫీల్డ్‌లో కాపురముండే అమ్మాయి హిందూపురంలో కంటే ఆ జననం అక్కడే నమోదవుతుంది. అందుకే నమూనా నమోదు సర్వే (ఎస్‌ఆర్‌ఎస్) ఉంది. ఎంపిక చేసిన ఊళ్లలో, వార్డుల్లో ఒకరు ఏడాది పొడవునా జననాలు, మరణాలు రాసుకుంటారు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ విడిగా ఇంటింటికీ తిరిగి మళ్లీ అడుగుతారు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, కలవని వాటి కోసం మళ్లీ గడప ఎక్కుతారు. పుట్టిన రెండు మూడు రోజులకే పోయిన బిడ్డల సంగతి ఇంట్లోవాళ్లు ఒక పట్టాన చెప్పరు. మాకు అసలు టెన్షన్ అక్కడే.

అపోహ: ఇద్దరినే కంటుంటే ఇక పెరగకూడదు కదా?

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ సగటు ఒక్కో మహిళకు 2.0 మంది పిల్లలు. అయినా 2020లో వెయ్యి మందికి 19.5 జననాలు, 6 మరణాలు నమోదయ్యాయి. ఏడాదికి 1.35 శాతం పెరుగుదలన్నమాట. తల్లికి పిల్లలు తగ్గారు, కానీ వెనకటి తరాల్లో ఎక్కువమంది పుట్టారు కాబట్టి తల్లులే ఎక్కువ. మరణాల రేటూ ఇలాగే తికమక పెడుతుంది. కేరళలో 7, బిహార్‌లో 5.4. కేరళ వైద్యం అధ్వానమని కాదు, అక్కడ ముసలివాళ్లు ఎక్కువ.

అపోహ: పేదరికం పోతేనే కాన్పులు తగ్గుతాయి, మతం అడ్డొస్తే అసలు తగ్గవు.

1951లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) జనాభా సుమారు 4.2 కోట్లు, పశ్చిమానిది 3.4 కోట్లు. ఇప్పుడు తలకిందులైంది: పాకిస్తాన్ 24 కోట్లు, బంగ్లాదేశ్ 17 కోట్లు. రెండుచోట్లా మెజారిటీ మతం ఒకటే. పైగా విడిపోయినప్పుడు బంగ్లాదేశే పేదది. అక్కడ ఆడ కార్యకర్తలు గర్భనిరోధక మాత్రలు, ఇంజెక్షన్లు పట్టుకుని ఇంటి దాకా వెళ్లారు. గడప దాటలేని కోడలికి డబ్బుకన్నా ముందు కావాల్సింది అదే. తర్వాత ఆడపిల్లల చదువు తోడైంది. ఒక్కో మహిళకు పిల్లల సగటు ఆరుకు పైనుంచి 2.3కి దిగింది. పాకిస్తాన్‌లో 2017-18లో కూడా 3.6.

నేపాల్‌ను ఈ పోలికలోకి తెచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. అక్కడి కుర్రాళ్లు గల్ఫ్‌కీ, మన దేశానికీ పోవడంతో జనగణనలో కనిపించే పెరుగుదల సహజ పెరుగుదలకన్నా తక్కువ.

అపోహ: చైనాలా చట్టం పెడితే దారికొస్తుంది.

చైనాలో కాన్పులు బాగా పడిపోయింది 1970లలో, ఒక్క బిడ్డ విధానానికి ముందే. 2022 నుంచి అక్కడ పుట్టేవాళ్లకన్నా పోయేవాళ్లే ఎక్కువ. ముగ్గురిని కనమన్నా జనం వినడం లేదు. 2019-21 సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ సగటు 1.7. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆ రాష్ట్రం 2024లో ఎత్తేసింది కూడా.