పెద్దమ్మ బర్రె ఎందుకు తెల్లబడింది?

పోయిన వానాకాలంలో మా పెద్దమ్మ వాళ్ల బర్రె ఈనింది. వాళ్ల ఊరు నల్లగొండకు దగ్గరే. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి పంపాలి, మంచిగ ఒక ఫొటో తియ్యమని నన్ను అడిగింది. కొట్టం ముందు బర్రెను నిలబెట్టి, దగ్గరికి వెళ్లి, ఫోన్ స్క్రీన్ నిండా అదే వచ్చేటట్టు తీశాను. పెద్దమ్మ ఫోన్‌ను చెయ్యి చాపి దూరంగా పట్టుకుని కాసేపు చూసింది. "గిది మన బర్రె కాదు బిడ్డా, బూడిదల పొర్లినట్టున్నది" అంది.

నిజమే. నిగనిగలాడే నల్ల బర్రె ఫొటోలో పాలిపోయి బూడిద రంగులో ఉంది. వెనకాల గడ్డివాము వెలిసిపోయి తెల్లకాగితంలా తయారైంది. ఫోన్‌లో లోపమేమీ లేదు, దాన్ని తయారు చేసినవాళ్లు ఏ లెక్క నేర్పారో ఆ లెక్కే అది చేసింది. ఆ లెక్కేమిటో అర్థమయ్యాకే నాకు ఫొటోలు తీయడం మీద ఇష్టం పెరిగింది.

కెమెరాకు బర్రె అంటే ఏమిటో తెలియదు. లోపలికి ఎంత వెలుగు వచ్చిందో మాత్రమే తెలుసు. వచ్చిన వెలుగు తక్కువగా ఉంటే దానికి రెండు కారణాలుండొచ్చు. ఎదురుగా ఉన్నది నల్లటిదైనా కావచ్చు, అక్కడ చీకటైనా ఉండొచ్చు. ఈ రెంటికీ తేడా కెమెరా కనిపెట్టలేదు. అందుకని ఒక ఊహ మీద ఆధారపడుతుంది. ఏ దృశ్యాన్ని తీసుకున్నా సగటున అది మధ్యరకం బూడిద రంగులో, అంటే మీద పడ్డ వెలుగులో సుమారు 18 శాతాన్ని వెనక్కి పంపేటట్టు ఉంటుందన్నది ఆ ఊహ. చేను, మట్టి బాట, ఇళ్లు, మనుషులు అన్నీ కలిసిన దృశ్యానికి ఈ లెక్క బాగానే సరిపోతుంది. ఫ్రేమంతా బర్రె నిండినప్పుడు మాత్రం 'ఇక్కడ చీకటిగా ఉంది' అనుకుని కెమెరా వెలుగు పెంచేస్తుంది. నలుపు కాస్తా బూడిద అవుతుంది. మార్కెట్ యార్డులో పత్తి కుప్పను తీస్తే దీనికి తిరగబడుతుంది. వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, తెల్లటి పత్తి మురికి పట్టినట్టు కనిపిస్తుంది. ఇప్పటి ఫోన్లు ముఖాన్నీ ఆకాశాన్నీ గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి. అయినా ఒకే రంగు ఫ్రేమును నింపేస్తే తడబడుతూనే ఉంటాయి.

దీనికి మందు చాలా చిన్నది. స్క్రీన్ మీద బర్రెను వేలితో తాకితే పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కిందికి జరిపితే చాలు. కెమెరా ఉన్నవాళ్లకు ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ ఉంటుంది. బర్రెకు మైనస్ 1, పత్తికి ప్లస్ 1 అని మొదలుపెట్టి చూసుకోవచ్చు. ఇక్కడ 1 అంటే ఒక స్టాప్. ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది. తెల్లవాటికి పెంచాలి, నల్లవాటికి తగ్గించాలి. వినగానే తలకిందులుగా అనిపిస్తుంది గానీ, అది మన లెక్క కాదు, కెమెరా ఊహను సరిదిద్దే లెక్క. ఆ రోజే కొట్టం దగ్గర సూర్యుడి బొమ్మను కిందికి లాగి మళ్లీ తీశాను. నలుపు నలుపుగా వచ్చింది, కొమ్ము మొదట్లో ఉన్న గీతలు కూడా కనిపించాయి.

కెమెరా లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ నంబర్లను చూసి చాలామంది టెన్షన్ పడతారు. 2, 2.8, 4, 5.6, 8, 11, 16. ఒక వరసా పాడూ లేనట్టు కనిపిస్తాయి. లెన్స్ ఫోకల్ దూరాన్ని, అంటే లెన్స్ నుంచి దూరపు వస్తువు బొమ్మ స్పష్టంగా పడే చోటికి ఉండే దూరాన్ని, దాని రంధ్రం అడ్డుకొలతతో భాగిస్తే వచ్చేది ఎఫ్ నంబర్. అడ్డుకొలత 1.4 రెట్లు తగ్గితే రంధ్రం వైశాల్యం సగమవుతుంది. అందుకే ఒక్కో అంకె దాని ముందుదానికి సుమారు 1.4 రెట్లు ఉంటుంది, ఒక్కో మెట్టుకు వెలుగు సగం తగ్గుతుంది. చాలా ఫోన్లలో ఈ రంధ్రం మారదు. కాబట్టి ఫోన్ షట్టర్ వేగాన్నీ (వెలుగును ఎంతసేపు లోపలికి రానివ్వాలో), ఐఎస్‌ఓనీ (వచ్చిన వెలుగును ఎంత పెంచి చూపాలో) మాత్రమే మార్చుకుంటుంది. పాతకాలం ఫొటోగ్రాఫర్లకు ఒక లెక్క నోటికి వచ్చి ఉండేది. మబ్బు లేని ఎండలో ఎఫ్/16 పెట్టి, ఐఎస్‌ఓ 100 అయితే షట్టర్ 1/100 సెకను పెట్టేవాళ్లు. ఈ లెక్క వెలుగు ఎంత పడుతోందో చూస్తుంది గానీ ఎదురుగా ఉన్నది నలుపా తెలుపా అని చూడదు. అందుకే బర్రెకైనా పత్తికైనా ఇది మోసపోదు.

అయితే మన ఎండ గురించి ఒక మాట చెప్పుకోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ భూమధ్యరేఖకు సుమారు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. అందువల్ల మే నెల మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన గుంజకు నీడే ఉండదు. అప్పుడు మనిషి ఫొటో తీస్తే కనుబొమ్మల కింద రెండు నల్ల గుంటలు, ముక్కు కింద ఒక నల్ల మచ్చ తప్పవు. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు జంటను చెట్టు నీడకో, పందిరి కిందికో పిలిచేది ఇందుకే.

ఇంకో సంగతి. పొద్దున, సాయంత్రం వచ్చే బంగారు వెలుగులో తీయమని అందరూ చెప్తారు, ఆ వెలుగు గంటసేపు ఉంటుందని కూడా అంటారు. మన దగ్గర అంతసేపు ఉండదు. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబర్ రోజుల్లో మన సూర్యుడు గంటకు 14 డిగ్రీల పైచిలుకు వేగంతో దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. ఆకాశం అంచుకు 6 డిగ్రీల ఎత్తు నుంచి మునిగే దాకా సుమారు 25 నిమిషాలే. అదే లండన్‌లో వాలుగా దిగుతాడు కాబట్టి 40 నిమిషాల దాకా పడుతుంది. ఆ వేళకు కిరణాలు గాలిలో చాలా దూరం ప్రయాణించి వస్తాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే, అంచున ఉన్నప్పుడు దాదాపు 38 రెట్ల గాలిని దాటాలి. దారిలో నీలి వెలుగు చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. చెరువుకట్ట మీద ఎవరినైనా తీయాలనుకుంటే పొద్దుగూకే ముందే వెళ్లి, నిలబడే చోటు చూసుకుని సిద్ధంగా ఉండాలి. బండి స్టాండ్ వేసి, ఫోన్ తుడుచుకునేలోపు సగం వెలుగు పోతుంది.

వెలుగు పాఠం నేర్చుకోవడానికి నల్లగొండ పక్కనే పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయం అంత మంచి చోటు నాకు ఇంకోటి కనిపించలేదు. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం ఇది. ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు ఉంటాయి. వాటిలో ఒకదాని లోపల, శివలింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో ఒక నీడ పడుతుంది. పొద్దున వెళ్లినా, మధ్యాహ్నం వెళ్లినా, సాయంత్రం వెళ్లినా అది అక్కడే ఉంటుంది. బయట మన నీడ గంట గంటకూ జరుగుతుంటే లోపలి నీడ ఎందుకు జరగదు?

మొదట ఒక చిన్న పని చేసి చూడండి. ఎండలో గోడకు వేలు ఆనించి నీడ చూడండి, కత్తితో కోసినట్టు ఉంటుంది. వేలిని గోడకు ఒక మీటరు దూరం జరపండి, నీడ అంచు మసకబారుతుంది. సూర్యుడు మన కంటికి ఒక చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. ఆ పళ్లెంలో ఒక అంచు నుంచి వచ్చే వెలుగు ఒకచోట ఆగితే, రెండో అంచు నుంచి వచ్చేది ఇంకోచోట ఆగుతుంది. ఆ రెంటి మధ్యదే మసక. మీటరు దూరంలో ఈ మసక దాదాపు ఒక సెంటీమీటరు ఉంటుంది. వెలుగు వచ్చే చోటు ఎంత వెడల్పుగా ఉంటే నీడ అంత మెత్తగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా ఒకే దీపం అయిపోతుంది కాబట్టి నీడలే కనిపించవు.

ఇప్పుడు గుడి లోపలికి వద్దాం. ఆ గర్భగుడి దాకా సూర్యుడి నేరు కిరణాలు రావు. బయట ఆకాశం నుంచి, ప్రాంగణంలోని రాళ్ల నుంచి చెదిరిన వెలుగు మండపం ఖాళీల గుండా లోపలికి వస్తుంది. అంటే లోపలి గోడకు సూర్యుడు దీపం కాదు, ఆ ఖాళీలే దీపాలు. అవి కదలవు. మధ్యలో అడ్డుగా ఉన్న స్తంభాలూ కదలవు. అలాంటప్పుడు నీడ మాత్రం ఎందుకు కదులుతుంది? బయట ఎండ పెరిగితే వెలుగు పెరుగుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది, నీడ చోటు మాత్రం మారదు. వెలుగు ఎటునుంచి వస్తుందో, దానికి ఏది అడ్డం పడుతుందో ఇంత శ్రద్ధగా చూసి రాళ్లు నిలబెట్టినవాళ్లు ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కింద మన పక్క ఊళ్లో ఉన్నారు. దాన్ని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ పాఠాన్ని నేను ఇంట్లో దర్వాజ దగ్గర వాడుకుంటాను. మనిషిని గడపకు రెండు మూడు అడుగుల లోపల, వాకిలివైపు తిరిగి కూర్చోబెట్టాలి. వాకిట్లో ఎండ ఉన్నా నేరుగా ముఖం మీద పడకూడదు. దర్వాజ అంతా ఒక వెడల్పాటి దీపమై ముఖం మీద వెలుగు మెత్తగా పరుచుకుంటుంది, వెనక అర్ర చీకట్లో కలిసిపోతుంది. చీకటి ఎక్కువ కాబట్టి కెమెరా మళ్లీ వెలుగు పెంచబోతుంది. ముఖాన్ని తాకి సూర్యుడి బొమ్మను కొద్దిగా కిందికి జరపాలి. పెద్దమ్మ ఫొటోల్లో నాకు బాగా నచ్చినది ఇలా తీసిందే.

ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే అంతకన్నా మంచి గురువు ఉండదు. చెప్పినట్టు వినదు, ఒకచోట నిలబడదు, రోజూ దొరుకుతుంది. మా ఇంట్లోది నల్ల కుక్క. మొదట్లో దాన్ని ఎలా తీసినా ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వచ్చేవి. ఆ తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. ముక్కుకు 20 సెంటీమీటర్ల దగ్గరకు ఫోన్ పెడితే చెవులు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే చెవులతో పోలిస్తే ముక్కు 1.75 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేస్తే ఆ తేడా ఏడెనిమిది శాతానికి పడిపోతుంది. నిలబడి కిందికి చూస్తూ తీయకుండా, నేల మీద కూర్చుని దాని కళ్ల ఎత్తుకు రావాలి. పరుగెత్తేటప్పుడు షట్టర్ 1/500 సెకను కన్నా వేగంగా ఉండాలి. అంత వేగానికి ఇంట్లోని వెలుగు చాలదు, వాకిట్లోకి రావాల్సిందే.

రాత్రి ఫ్లాష్ వేస్తే కుక్క కళ్లు పచ్చగా మెరుస్తాయి. కుక్క, పిల్లి, బర్రె, మేక వీటన్నిటికీ కంటిలో వెలుగును పట్టే రెటీనా వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. రెటీనాను దాటిపోయిన వెలుగును అది వెనక్కి తిప్పి రెండోసారి పట్టుకునే అవకాశం ఇస్తుంది. చీకట్లో వాటి చూపు మనకన్నా మెరుగ్గా ఉండటానికి ఇదొక కారణం. మనకు ఆ పొర లేదు. మన కళ్లు ఫ్లాష్‌లో ఎర్రబడేది కంటి వెనక రక్తం ఉన్న పొర రంగు వల్ల. ఫ్లాష్ ఆపేయడమే మంచిది, జంతువులు బెదరవు కూడా.

బతుకమ్మ రోజుల్లో తంగేడు పూలను తీస్తే పసుపు ముద్దలా వచ్చి రేకులు కనిపించవు. పసుపు అంటే కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్‌కు ఎరుపు, ఆకుపచ్చ కలిసిన వెలుగు. ఆ రెండూ పట్టగలిగినంత నిండిపోతే ఇక వివరాలకు చోటుండదు. దానికీ వెలుగు కొంచెం తగ్గించడమే మందు.

ప్రయాణాల్లో నేను ఎక్కువగా తీసేది ఆర్టీసీ బస్సు కిటికీ నుంచే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. షట్టర్ 1/60 సెకను తెరుచుకుంటే ఆలోపు బస్సు 28 సెంటీమీటర్లు జరిగిపోతుంది, రోడ్డు పక్క తుమ్మచెట్టు గీతలా సాగిపోతుంది. 1/1000 పెడితే రెండు సెంటీమీటర్లు కూడా జరగదు. దూరంగా ఉన్న గుట్టలు ఎలాగూ కదిలినట్టు కనిపించవు. అద్దం మూసి ఉంటే ఫోన్‌ను అద్దానికి దాదాపు ఆనించి పట్టుకోవాలి, లేకపోతే మన చొక్కానే ఫొటోలో పడుతుంది. అలా ఒకసారి నాగార్జునసాగర్ వెళ్లినప్పుడు గేట్లు తెరిచి ఉన్నాయి. మొత్తం 26 గేట్లున్న ఆనకట్ట అది. నురగ తెల్లగా ఎగిసిపడుతుంటే ఫోన్ తీసిన మొదటి ఫొటోలో నీళ్లు సిమెంటు కలిపినట్టు ఉన్నాయి. పత్తి కుప్ప గుర్తొచ్చింది. ప్లస్ 1 జరిపాను, నురగ నురగలా వచ్చింది.

మహబూబ్‌నగర్ వైపు పోతే పిల్లలమర్రి ఉంది. వందల ఏళ్ల చెట్టు. చెదలు పట్టి కొమ్మలు విరిగితే 2018లో సెలైన్ ఎక్కించినట్టు సీసాలతో బొట్టుబొట్టుగా మందు పట్టించి కాపాడారు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీద వచ్చింది. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫరే రాజా దీన్‌దయాళ్. గాజు పలకల మీద ఫొటోలు తీసిన కాలం అది. తీసిన వెంటనే చూసుకుని సరిదిద్దుకునే వీలు లేదు, ఎంత వెలుగు కావాలో తీసేముందే మనిషి కంటితో తేల్చుకోవాలి. దర్బారులో తెల్లటి అంగరఖాలు, నల్లటి షేర్వాణీలు పక్కపక్కనే ఉంటే ఆయన ఏం లెక్క వేసుకునేవాడా అని ఆ ఊరు పోయినప్పుడల్లా అనుకుంటాను.

చెట్ల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. ఏ మర్రి కిందైనా, చింత కిందైనా మధ్యాహ్నం నేలను చూడండి. ఆకుల మధ్య సందులు వంకరటింకరగా ఉంటాయి. కింద పడే వెలుగు మచ్చలు మాత్రం గుండ్రంగా ఉంటాయి. ఎందుకంటే ఒక్కో సందూ ఒక్కో సూదిబెజ్జం కెమెరా, అంటే లెన్స్ లేకుండా చిన్న రంధ్రంతోనే బొమ్మ పడేసే కెమెరా. నేల మీద పడేది సూర్యుడి బొమ్మ. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం మన దగ్గర పాక్షికంగా పట్టింది. అలాంటి పూట చెట్ల కింద మచ్చలన్నీ నెలవంకల్లా మారిపోతాయి.

మొన్న మా పెరట్లో చింతచెట్టు కింద తెల్లకాగితం పట్టుకుని నిలబడ్డాను. మెల్లగా పైకి కిందికి జరుపుతుంటే కాగితం మీద సూర్యుడు పెద్దవుతూ చిన్నవుతూ కనిపించాడు. ఒక మబ్బు తునక పోతుంటే ఆ గుండ్రటి వెలుగు అంచు ఒకవైపు నుంచి మసకబారడం కూడా తెలిసింది. ఫోన్ తేవడానికి ఇంట్లోకి వెళ్లి వచ్చేసరికి మా కుక్క వచ్చి నేను నిలబడ్డ చోటే పడుకుంది. నల్లటి వీపు మీద ఏడెనిమిది సూర్యుళ్లు, అది ఊపిరి తీసినప్పుడల్లా కొద్దిగా లేస్తూ దిగుతూ ఉన్నాయి. నేల మీద బోర్లా పడుకుని, ఒక స్టాప్ తగ్గించి తీశాను.