ఖరీదైన జిగ్ కొంటే బాణం తిన్నగా పోతుందా? చెక్క బాణాల గురించి అపోహలు - వాస్తవాలు

పేపర్లో రోజూ చదివే 'పుంఖానుపుంఖాలుగా' అన్న మాట బాణాల నుంచి వచ్చిందే. పుంఖం అంటే బాణం వెనక కొస, ఈకలు ఉండే చోటు. ఈ మధ్య ఆ కొస గురించే నాకు ప్రశ్నలు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయి. ఎక్కువ మా బావమరిది కొడుకు నుంచి. వాడు విజయవాడలో కాంపౌండ్ విల్లు, అంటే కొసల్లో కప్పీలుండే విల్లు, నేర్చుకుంటున్నాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు కొట్టాక ఆ ఊళ్ళో పిల్లలకి విల్లు కొత్త వస్తువేం కాదు. అయితే అక్కడ వాడేవి కార్బన్ బాణాలు, ప్లాస్టిక్ రెక్కలు. వాడికేమో ఉన్నట్టుండి చెక్క బాణాల మీద మనసు పడింది. "మావయ్యా, వచ్చేటప్పుడు బిట్జెన్‌బర్గర్ జిగ్ ఒకటి తెచ్చిపెట్టవా" అని ఫోను. ఈకలంటించే జిగ్‌లలో పేరున్న లోహపు రకం అది.

నేను అమెరికాలో పోర్ట్‌లాండ్ పక్కన ఉంటాను. ఆరేళ్ళుగా గరాజ్‌లో చెక్క బాణాలు చేసుకుంటున్నాను, క్లబ్బులో కొందరికి చేసిపెడుతున్నాను కూడా. నాలుగు రకాల జిగ్‌లు వాడాను, ఒకటి విరగ్గొట్టాను. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివారికి ఒక్క మాట. జిగ్ అంటే బాణాన్ని కదలకుండా పట్టుకుని, ఈకను ప్రతిసారీ ఒకే చోట, ఒకే వాలులో అంటించుకునే సాధనం. బాణం వెనక ఉండే గాడిని నాక్ అంటాం, విల్లు నారి కూర్చునేది అందులోనే. ఆ నాక్ జిగ్ అడుగున ఒక చిన్న పళ్ళెం లాంటి దాంట్లో కూర్చుంటుంది. ఈకను క్లాంప్ పట్టుకుంటుంది. ఒకటి అంటించి, 120 డిగ్రీలు తిప్పి, రెండోది. అంతే.

అపోహ: ఖరీదైన జిగ్ ఉంటే బాణం తిన్నగా పోతుంది.

వాస్తవం: జిగ్ నకలు తీసే యంత్రం. తప్పు ఇస్తే తప్పునే పన్నెండు బాణాల మీద పొల్లు పోకుండా దించుతుంది. నా మొదటి డజను అలాగే పోయింది. నూరు డాలర్లు పైన పెట్టి లోహపు జిగ్ కొన్నాను, ఈకలు చూస్తే ముచ్చటేసేలా వచ్చాయి, బాణాలు మాత్రం తోక ఊపుకుంటూ పోయాయి. వారం రోజులు జిగ్‌నే తిప్పాను, స్క్రూలు సర్దాను. చివరికి క్లబ్బులో ఒక పెద్దాయన నా బాణాన్ని రెండు మేకుల మధ్య పెట్టి వేలితో దొర్లించి చూపించాడు. కాడ తిన్నగానే తిరుగుతోంది, వెనక నాక్ మాత్రం బొంగరంలా సున్నాలు చుడుతోంది.

చెక్క కాడకి ప్లాస్టిక్ నాక్ అంటించాలంటే కొసను 11 డిగ్రీల వాలుతో కోసుగా చెక్కాలి. ముందు ములికి కోసం 5 డిగ్రీలు. పెన్సిల్ చెక్కే మర లాంటిదే ఉంటుంది దీనికి. నేను దాన్ని ఒక పక్కకి నొక్కి తిప్పాను, వాలు మధ్యలోంచి జరిగింది, నాక్ వంకరగా కూర్చుంది. జిగ్ ఆ వంకర నాక్‌నే ఆధారం చేసుకుని ఈకలు పెట్టింది. దాని తప్పేముంది?

కాబట్టి జిగ్ కొనేముందు రెండు మేకులు కొనండి.

అపోహ: ఏ జిగ్ అయినా చెక్క బాణానికి పనికొస్తుంది.

వాస్తవం: ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. ఈ రోజుల్లో చాలా జిగ్‌లు సన్నటి కార్బన్ బాణాల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. చెక్క కాడలు లావు. అంగుళంలో 16కి 5 వంతులు, 32కి 11 వంతులు, 64కి 23 వంతులు అని మూడు కొలతల్లో ఎక్కువగా దొరుకుతాయి. మిల్లీమీటర్లలో సుమారు 7.9, 8.7, 9.1. పైగా చాలామంది వెనక తొమ్మిది పది అంగుళాలు సన్నబడేలా నునుపు చేస్తారు. అంటే ఈక అంటుకునే చోటు గొట్టంలా సమానంగా ఉండదు, వెనక్కి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. క్లాంప్‌ను ఆ వాలుకు తగ్గట్టు వంచుకునే వీలుండాలి.

బిట్జెన్‌బర్గర్‌కి పేరొచ్చింది దీనికే. పైనా కిందా విడివిడిగా సర్దుకోవచ్చు, క్లాంప్ అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది, పదేళ్ళ తర్వాత కూడా లూజు అవదు. మూడు ఈకల్నీ ఒకేసారి మూసే చేతులున్న ప్లాస్టిక్ జిగ్‌లలో వాలు, మెలి (ఈక కాడ చుట్టూ కొద్దిగా మెలితిరిగి కూర్చోవడం) అన్నీ అచ్చులోనే పోసి ఉంటాయి. మీ కాడ కొలతకు సరిపోతే హాయి, లేకపోతే చేసేదేమీ లేదు.

కొట్లోనో, తెలిసినవాళ్ళ దగ్గరో జిగ్ చూసినప్పుడు ఈ పని చేయండి. బంక లేకుండా ఉత్త ఈకను క్లాంప్‌లో పెట్టి కాడకు ఆనించండి. వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయండి. ఈక అడుగున గట్టి ఈనె ఉంటుంది కదా, ఆ ఈనెకీ చెక్కకీ మధ్య సన్నటి వెలుగు గీత కనిపిస్తుందేమో చూడండి. రెండు కొసల దగ్గరా చూడాలి. కనిపించిందంటే అక్కడ బంక పట్టదు. ముందు కొస లేచిందంటే మరీ ప్రమాదం. బాణం చేతి మీదుగా పోతుంది కాబట్టి ఆ ఈనె చర్మాన్ని గీరుకుంటూ పోతుంది. నా ఎడమ చూపుడువేలి కణుపు మీద ఇప్పటికీ మచ్చ ఉంది.

ఇంకొకటి. కొందరు ప్లాస్టిక్ నాక్ పెట్టరు, చెక్కలోనే రంపంతో గాడి కోస్తారు. అందంగా ఉంటుంది. కానీ ఆ గాడి వెడల్పు జిగ్ పళ్ళెంలోని పలకకు సరిపోకపోతే బాణం అటూ ఇటూ ఊగుతుంది, మూడు ఈకలూ మూడు దిక్కులు చూస్తాయి. అలా కోసుకునే ఉద్దేశం ఉంటే ఒక గాడి కోసిన ముక్కను జేబులో పెట్టుకుని వెళ్ళి జిగ్‌లో గుచ్చి చూడండి.

అపోహ: కుడిచేతి వాటం వాళ్ళకి కుడి రెక్క ఈకలు, ఎడమచేతి వాళ్ళకి ఎడమ రెక్కవి.

వాస్తవం: మీ చేతికీ పక్షి రెక్కకీ సంబంధం లేదు. ఎవరైనా ఏదైనా వాడొచ్చు. ఈకకు పుట్టుకతోనే ఒక వంపు ఉంటుంది. కుడి రెక్క ఈకలు పెడితే బాణం వెనక నుంచి చూసేవారికి గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది, ఎడమవైతే దానికి ఎదురు. పాటించాల్సినవి రెండే. ఒకే బాణం మీద రెండు రెక్కలూ కలపకూడదు. మెలి ఉన్న క్లాంప్ వాడితే ఈకా క్లాంపూ ఒకే వైపువి కావాలి. కుడి ఈకను ఎడమ మెలి క్లాంప్‌లో బిగిస్తే అది మూతి ముడుచుకున్నట్టు ముడుచుకుంటుంది, రెండ్రోజుల్లో ఊడుతుంది.

కొత్తవాళ్ళకి అందుకే తిన్నటి క్లాంప్ చెప్తాను. ఏ రెక్క ఈక దొరికినా అందులో పడుతుంది. కొద్దిగా వాలు మాత్రం ఈక వైపుకే పెట్టుకుంటే చాలు.

అపోహ: ఎంత మెలి ఉంటే బాణం అంత గురిగా పోతుంది.

వాస్తవం: మెలి బాణాన్ని త్వరగా తిప్పుతుంది, త్వరగా కుదురుస్తుంది, నిజమే. కానీ గాలికి అడ్డం కూడా పెంచుతుంది, దూరం పోయేకొద్దీ వేగం తగ్గుతుంది. ఇరవై గజాల్లో తేడా తెలియదు, అరవై గజాల్లో కళ్ళకు కనిపిస్తుంది. బాణం ఎడమకో కుడికో పోతుంటే దాన్ని మెలితో బాగుచేద్దామనుకోవడం ఇంకో పొరపాటు. అది సాధారణంగా కాడ గట్టితనం సమస్య. కుడిచేతి విలుకాడికి కాడ మరీ గట్టిదైతే బాణం ఎడమకు, మరీ మెత్తనిదైతే కుడికి పోతుంది. చెక్క కాడల గట్టితనం కొలవడం సులువే: 26 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో 2 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. ఎన్ని అంగుళాలు వంగిందో దాంతో 26ని భాగించాలి. అర అంగుళం వంగితే 52 పౌండ్లు, అంటే సుమారు అంత బలమున్న విల్లుకు సరిపడే కాడ. డజనులో ఇవి దగ్గర దగ్గరగా లేకపోతే ప్రపంచంలో ఏ జిగ్ కూడా వాటిని ఒకచోట చేర్చలేదు.

చెక్క విషయంలోనే ఇంకో సంగతి. కాడ కొసను చూస్తే చెట్టు వలయాల గీతలు కనిపిస్తాయి. నాక్ గాడి ఆ గీతల్ని అడ్డంగా కోసేలా ఉండాలి, అప్పుడు కాడ గట్టి వైపు విల్లుకు ఆనుతుంది. నాక్ అంటించేటప్పుడే చూసుకోవాలి, జిగ్‌కి ఈ గీతల గురించి తెలియదు.

అపోహ: ఒకేసారి ఆరు బాణాలు పట్టే జిగ్ అయితే పని ఆరింతలు త్వరగా అవుతుంది.

వాస్తవం: లెక్క మీ బంక మీద ఆధారపడి ఉంటుంది. ఈకల కోసం అమ్మే మామూలు సిమెంట్‌కి క్లాంప్‌లో పావుగంట ఇవ్వాలనుకుందాం. డజను బాణాలు, 36 ఈకలు. ఒంటి జిగ్‌తో తొమ్మిది గంటలు. మూడు ఈకలు ఒకేసారి పెట్టేదాంతో మూడు గంటలు. ఆరు బాణాల దాంతో గంటన్నర. ఇంతవరకూ అపోహ నిజమే. అదే ఫెవిక్విక్ లాంటి బంక అయితే నిమిషంలో పట్టేస్తుంది. ఈక సర్దడానికి ఇంకో నిమిషం వేసుకున్నా ఒంటి జిగ్‌తో గంటంబావులో డజను అయిపోతుంది. ఆరు జిగ్‌లో ఆరో క్లాంప్ బిగించేసరికి మొదటిది ఎప్పుడో ఎండిపోయి మీకోసం చూస్తుంటుంది. పైగా ఆ బంక గాలిలో తేమతోనే గట్టిపడుతుంది, విజయవాడ ఆగస్టు గాలిలో ఇంకా తొందర.

నేను ఒంటి జిగ్‌తో నెమ్మది సిమెంటే వాడతాను. ఈక తప్పుగా కూర్చుంటే జరపడానికి టైమ్ ఉంటుంది. తొమ్మిది గంటలు కూర్చోను, వంటింట్లోకి వెళ్ళొచ్చినప్పుడల్లా ఒకటి మారుస్తాను. మా ఆవిడ దీన్ని పని అనదు.

అపోహ: మంచి బంక అయితే దేనికైనా అంటుకుంటుంది.

వాస్తవం: బంక అంటుకునేది చెక్కకి కాదు, చెక్క మీది పూతకి. "ఏ బంకైనా పడుతుంది" అని ఒక కొట్లో చెప్పిన పాలీయురెథేన్ వార్నిష్ వేశాను. వానలో తిరిగొచ్చేసరికి అమ్ములపొదిలో ఈకలు ఆకుల్లా రాలి ఉన్నాయి. ఒక తునక మీద పూత వేసి, ఈక అంటించి, మర్నాడు గోటితో పీకి చూడండి. ఊడితే ఆ మేర సన్నటి ఉప్పు కాగితంతో గరుకు చేయండి. ఈక ముందు కొస మీద నాలుగు చుట్లు దారం చుట్టడం నాకు అలవాటు.

అపోహ: జిగ్ లేనిదే బాణం కాదు.

వాస్తవం: 1545లో మునిగి 1982లో బయటికి తీసిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో 3,500కు పైగా బాణాలు దొరికాయి. ఈకలు జిగురుతో అంటించి, పైన దారం మెలికలుగా చుట్టి కట్టినవి. మన నల్లమల చెంచులూ జిగ్ చూసి బాణం చేయలేదు. ఓపిక ఉంటే కాడ చుట్టూ కాగితం చుట్టి, చుట్టుకొలతను మూడు భాగాలు చేసి, గీతలు గీసుకుని చేత్తో కట్టొచ్చు. నేను మూడు కట్టాను. నాలుగోదానికి జిగ్ దగ్గరికి వచ్చేశాను.

అపోహ: కింద రాలిన ఈక ఏదైనా వాడుకోవచ్చు.

వాస్తవం: అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం కింద గద్ద, డేగ, అడవి బాతు లాంటి వాటి ఈకను దారిలో ఏరుకుని ఇంట్లో పెట్టుకున్నా తప్పే. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది. నెమలి విషయంలో ఆ చట్టం సడలింపు ఇచ్చింది తోక ఈకలకే, మన బాణానికి కావాల్సింది రెక్క ఈక. అందుకే ప్రపంచమంతా టర్కీ కోడి మీద పడింది. గట్టి ఈనె, నిడివైన రెక్క ఈకలు, పెంపకం పక్షి.

ఇదంతా విని మావాడు బిట్జెన్‌బర్గర్ ఆశ వదులుకుని, తిన్నటి క్లాంప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ జిగ్‌కి ఒప్పుకున్నాడు. నిన్న వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. ఊరి బయట టర్కీ కోళ్ళు పెంచే ఒకాయన దగ్గర్నుంచి గోనెసంచి నిండా రెక్క ఈకలు ఉచితంగా తెచ్చుకున్నాడట. కుడివీ ఎడమవీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఈ ఆదివారం కూర్చుని వేరుచేస్తానంటున్నాడు.