గాలి చాటు తేల్చే పందెం

టూర్ డి ఫ్రాన్స్ చూడటం కొత్తగా మొదలుపెట్టిన ఒక పాఠకుడు ఈ ప్రశ్న పంపారు: "రేపటి స్టేజి స్ప్రింటర్లదే అని ముందురోజే అందరూ తేల్చేస్తారు. నాలుగు గంటలు తొక్కాక చివరి పది సెకన్లలో తేలే విషయాన్ని అంత ముందుగా ఎలా చెప్పగలరు? ఎవరి కాళ్లలో ఎక్కువ బలం ఉందో తెలిస్తే చాలు కదా?"

చాలదండీ. స్ప్రింట్ స్టేజిని, అంటే చివరి వందల మీటర్ల దూకుడులో తేలే ఒకరోజు పందాన్ని, ముందుగా అంచనా వేయాలంటే నేను రైడర్ల పేర్లు ఆఖర్న చూస్తాను. మొదట చూసేది చివరి ఐదు కిలోమీటర్ల మ్యాపు, ఆ సాయంత్రం గాలి ఎటు నుంచి వీస్తుందన్న సూచన. ఎందుకంటే ఈ పందెంలో మామూలుగా గెలిచేది, ముందువాడి వెనక దొరికే గాలి చాటును అందరికన్నా ఆలస్యంగా వదిలినవాడు. ఆ చాటు ఎక్కడ ముగుస్తుందో రోడ్డే చెబుతుంది.

బల్లపరుపు రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు దాటాక సైక్లిస్టు పెట్టే శ్రమలో చాలా భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుందని స్కూల్లో బట్టీ పట్టించారు. దాని వెంటనే చెప్పాల్సిన రెండో ముక్కను మాత్రం చాలామంది టీచర్లు వదిలేస్తారు. పవర్ అంటే బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది. కాబట్టి గాలిని నెట్టడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. ఈ ఒక్క వాక్యం పిల్లలకు సైకిల్ బొమ్మ పెట్టి చెబితే జన్మలో మరిచిపోరు.

అంకెలు వేసి చూద్దాం. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. వంగి తొక్కుతున్న స్ప్రింటరు గాలికి అడ్డుపడే విస్తీర్ణం, ఆకారం వల్ల వచ్చే గుణకంతో కలిపి, సుమారు 0.3 చదరపు మీటర్లు అనుకుందాం. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో గాలి కోసమే 350 వాట్లు కావాలి. 65 కిలోమీటర్ల వేగంలో 1,060 వాట్లు. 72 దగ్గర 1,440. ఆఖరి రెండు అంకెల మధ్య తేడా చూడండి: 380 వాట్లు. గంటకు ఏడు కిలోమీటర్లు పెంచుకోవడానికి అయ్యే అదనపు ఖర్చు, 45 కిలోమీటర్ల వేగంతో ఒంటరిగా పోవడానికి అయ్యే మొత్తం ఖర్చు కన్నా ఎక్కువ! నాకు ఈ లెక్క వేసిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు చాటు సంగతి. కిక్కిరిసిన జనంలో ఒక బలమైన మనిషి తోసుకుంటూ పోతుంటే అతని వెనక నడిచేవాడికి దారి సులువవుతుంది కదా, అలాంటిదే అనుకోవచ్చు. అయితే గాలి ఇంకో ఉపకారం కూడా చేస్తుంది. మనిషి శరీరం మొద్దు ఆకారం. దాన్ని చుట్టుకుని వచ్చిన గాలి వీపు దగ్గర ఒంటిని వదిలేసి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల ప్రాంతంలో పీడనం తక్కువ, పైగా అక్కడి గాలి రైడరుతో పాటే ముందుకు కదులుతుంటుంది. ముందువాడి వెనక చక్రాన్ని ఆనుకుని తొక్కేవాడికి తగిలే గాలి వేగం అందుకే తగ్గిపోతుంది. ఒక్కడి వెనక ఉంటేనే నిరోధం 30 నుంచి 40 శాతం వరకు తగ్గవచ్చు. 65 కిలోమీటర్ల వేగంలో ముందువాడు 1,060 వాట్లు పెడుతుంటే వెనకవాడికి 640 నుంచి 740 దాకా సరిపోతాయి.

వెనకవాడు ముందువాడికి కూడా కాస్త సాయం చేస్తాడు! వెనకవాడి ముందు ఏర్పడే అధిక పీడనం ముందువాడి వీపు వెనక ఉన్న పీడన లోటును కొద్దిగా పూడుస్తుంది. బెల్జియం ఇంజనీరు బెర్ట్ బ్లోకెన్ బృందం లెక్కల్లో ఈ లాభం 2.6 శాతం దాకా ఉందని తేలింది. అదే బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపును కంప్యూటరులో, నమూనా బొమ్మలతో విండ్ టన్నెల్‌లో పరీక్షించింది. గుంపు మధ్యలో, వెనక భాగంలో ఉన్నవారి మీద పడే నిరోధం ఒంటరి రైడరు మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమే! గుంపు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే నడిమధ్య కూర్చున్న స్ప్రింటరు ఎదుర్కొనే గాలి, ఒంటరిగా 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో పోతే తగిలేంత. మధ్యాహ్నమంతా ఏమీ జరగడం లేదనిపించే ఆ మూడు నాలుగు గంటల్లో స్ప్రింటరు చేసే పని ఇదే: పొదుపు.

పొద్దున్నే గుంపును వదిలి ముందుకు పారిపోయే ముగ్గురు నలుగురు ఎందుకు దొరికిపోతారో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో రైడరుగా ఉండి తర్వాత వ్యాఖ్యాతగా మారిన రొబేర్ షపాట్ పేరు మీద ఒక లెక్క ప్రచారంలో ఉంది: పది కిలోమీటర్లు మిగిలి ఉంటే గుంపు ఒక నిమిషం తేడాను పూడ్చగలదు. పారిపోయినవాళ్లు 45 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ పది కిలోమీటర్లకు 800 సెకన్లు పడుతుంది. గుంపు అదే దూరాన్ని 740 సెకన్లలో ముగించాలి, అంటే 48.6 కిలోమీటర్ల వేగం. వేగంలో తేడా ఎనిమిది శాతమే, కానీ ఘనం లెక్కన పవర్ 26 శాతం పెరగాలి. పారిపోయిన ముగ్గురూ వంతులు మార్చుకుంటూ అంత పెంచలేరు. గుంపులో లాగేవాళ్లకు వంతు అయ్యాక చాటున సేద తీరే చోటు బోలెడంత ఉంటుంది. తేడా ఎప్పుడు తగ్గించాలో కూడా జట్లే ఎంచుకుంటాయి. మరీ ముందే పట్టేస్తే ఇంకెవరో పారిపోతారు కాబట్టి ఆ ముగ్గురినీ కావాలనే దూరంగా వేలాడనిస్తారు.

పట్టుకున్నాక లీడౌట్, అంటే తమ స్ప్రింటరును చాటున దాచి గీత దగ్గరికి లాక్కెళ్లడం, మొదలవుతుంది. జట్టు సభ్యులు ఒకరి వెనక ఒకరు వరుస కట్టి, ముందున్నవాడు కొన్ని వందల మీటర్లు ప్రాణం పెట్టి తొక్కి పక్కకు తప్పుకుంటాడు. ఈ వరుసనే రైలు అంటారు. అది 65 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాన్ని దాటాలనుకున్నవాడు చాటు వదిలి పక్కకు రావాలి. వచ్చిన క్షణం నుంచీ సమానంగా ఉండటానికే 1,060 వాట్లు, దాటడానికి ఇంకా పైన. అందుకే మంచి రైలును దాటడం దాదాపు అసాధ్యం. 2009లో పారిస్‌లో షాంజెలీజే మీద బ్రిటన్ స్ప్రింటరు మార్క్ కావెండిష్ గెలిచినప్పుడు రెండో స్థానంలో వచ్చింది ఎవరో తెలుసా? అతన్ని లాగి వదిలిన మార్క్ రెన్‌షా! తన పని ముగించినవాడిని కూడా మిగతా స్ప్రింటర్లు అందుకోలేకపోయారు. 2023లో యాస్పర్ ఫిలిప్సెన్ నాలుగు స్టేజిలు గెలిచినప్పుడు అతని ముందు లాగినవాడు మాథ్యూ వాన్ డెర్ పూల్. అంత పెద్ద చాంపియన్ ముందుండి గాలి చీలుస్తుంటే వెనకవాడి పని ఎంత సులువో ఊహించండి.

కాళ్ల బలం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. స్ప్రింటులో గరిష్ఠ వేగం పవర్‌ను గాలికి అడ్డుపడే విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే విలువ మీద ఆధారపడుతుంది. విస్తీర్ణాన్ని పది శాతం తగ్గించుకోవడం, పవర్‌ను పదకొండు శాతం పెంచుకోవడంతో సమానం. కావెండిష్ భారీ మనిషి కాదు. గడ్డం హ్యాండిల్ మీదకు ఆనించినట్టు వంగి తొక్కుతాడు. 2024 జులై 3న సాంవుల్బాలో 35వ టూర్ స్టేజి గెలిచి బెల్జియం దిగ్గజం ఎడ్డీ మెర్క్స్ 34 విజయాల రికార్డును దాటినవాడు అతడే.

గాలికి అడ్డుపడే మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. 13 నంబరు వచ్చిన రైడరు దురదృష్టం తగలకుండా ఆ కాగితాన్ని తలకిందులుగా తగిలించుకునే ఆనవాయితీ ఈ క్రీడలో ఉంది. అంకె ఎటు తిరిగి ఉన్నా వేగం మారదు. కానీ ఆ కాగితం ఒంటికి అతుక్కుని ఉందా, రెపరెపలాడుతోందా అన్నదాన్ని బట్టి కొన్ని వాట్లు పోతాయి. నమ్మకం కన్నా జిగురు మీద శ్రద్ధ పెట్టే రైడరంటే నాకు గౌరవం.

ఇక చాటు ఎప్పుడు వదలాలి? మామూలు జవాబు 200 మీటర్లు. గంటకు 65 కిలోమీటర్లంటే సెకనుకు 18 మీటర్లు, కాబట్టి 11 సెకన్లు. ఈ అంకె ఊరికే రాలేదు. కండరానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. దాన్ని వెంటవెంటనే తిరిగి నింపే క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వ దాదాపు పది సెకన్లలో అడుగంటుతుంది. ఆ తర్వాత భారమంతా గ్లైకాలసిస్ మీద, అంటే చక్కెరను విడగొట్టి శక్తి తీసే ప్రక్రియ మీద, పడుతుంది. అది అంత వేగంగా ఏటీపీ అందించలేదు, పైగా కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది. పవర్ జారిపోవడం మొదలవుతుంది. 300 మీటర్ల నుంచి మొదలుపెట్టినవాడు చివరి 50 మీటర్లలో నిలబడిపోయినట్టు కనిపించేది ఇందుకే.

గాలి ఈ లెక్కను తారుమారు చేస్తుంది. సెకనుకు 17 మీటర్ల వేగంతో పోతున్నవాడికి సెకనుకు 5 మీటర్ల ఎదురుగాలి ఉంటే అతను చీల్చేది 22 మీటర్ల గాలి. 17 వర్గం 289, 22 వర్గం 484. నిరోధం మూడింట రెండు వంతులు పెరిగింది! అప్పుడు చాటు విలువ బంగారం. 150 మీటర్ల దాకా దాక్కున్నవాడిదే గెలుపు. అదే గాలి వెనక నుంచి వీస్తే చీల్చేది 12 మీటర్లు, వర్గం 144. దాక్కున్నా పెద్దగా మిగిలేదేమీ లేదు. ధైర్యం చేసి 250 నుంచే దూకినవాడిని పట్టుకోవడం కష్టం. రోడ్డు ఎత్తుకు ఎక్కుతుంటే వేగం పడిపోయి గాలి ప్రాధాన్యం తగ్గుతుంది, తేలికైనవాళ్లకు అవకాశం వస్తుంది.

పక్కగాలి నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎడమ నుంచి గాలి వీస్తే చాటు ముందువాడికి వెనక, కుడి పక్కగా ఏటవాలుగా పడుతుంది. తెలివైనవాడు రోడ్డు కుడి అంచును ఆనుకుని పోతాడు. అతని చాటున నిలబడటానికి రోడ్డే మిగలదు. 2013లో సాంతమాన్ మోంరోన్ స్టేజిలో కొన్ని జట్లు ఇలాగే చేస్తే గుంపు ముక్కలైంది. ఫినిష్ దగ్గరికి ముందు ముక్కలో చేరిన కొద్దిమందిలో ఉన్న కావెండిష్ గెలిచాడు. చదునైన స్టేజి కదా అని తేలిగ్గా తీసుకున్నవాళ్లు నిమిషాలు పోగొట్టుకున్నారు.

మ్యాపులో నాకు టెన్షన్ పెట్టేది దిగుడు ఫినిష్. 2020 టూర్ ఆఫ్ పోలండ్‌లో కటోవిట్సే దగ్గర వాలులో వేగం 80 కిలోమీటర్ల దాకా చేరింది. డిలన్ గ్రూనెవేగన్ తన దారి వదిలి పక్కకు జరగడంతో ఫాబియో యాకబ్‌సన్ బారికేడ్లను ఢీకొని ప్రాణాపాయ స్థితిలోకి వెళ్లాడు. గ్రూనెవేగన్ మీద తొమ్మిది నెలల నిషేధం పడింది. 80 వేగంలో గతిజ శక్తి 65 దగ్గర ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. నిర్వాహకులు అలాంటి చోటు ఎంచుకోకూడదు, నా దృష్టిలో ఇందులో రెండో అభిప్రాయానికి తావు లేదు. 2022 టూర్ డెన్మార్క్‌లో మొదలైనప్పుడు రెండో స్టేజి యాకబ్‌సన్, మరుసటి రోజే మూడో స్టేజి గ్రూనెవేగన్ గెలిచారు.

ఇంత చేసినా కొన్నిసార్లు గీత దగ్గర ఇద్దరూ సమానంగా వస్తారు. అప్పుడు రైడరు చేతులు చాచి, నడుము వెనక్కి నెట్టి, సైకిల్‌ను ముందుకు విసురుతాడు. ఫలితం ముందు టైరు అంచును బట్టి కాబట్టి ఇది పనిచేస్తుంది. మనిషి 75 కిలోలు, సైకిల్ 7 కిలోలు. ఆ ఒక్క క్షణంలో మనిషీ సైకిలూ కలిసిన గురుత్వ కేంద్రం తన దారిన తాను పోతుంటుంది. రెండింటి మధ్య 40 సెంటీమీటర్ల దూరం పెంచితే శరీరం వెనక్కి జరిగేది మూడున్నర, సైకిల్ ముందుకు జరిగేది 36కి పైగా. 2017లో న్యుయి సాన్ జార్జ్ దగ్గర మార్సెల్ కిట్టెల్ ఎడ్వాల్డ్ బోసన్ హాగెన్ మీద గెలిచింది 6 మిల్లీమీటర్ల తేడాతో, 0.0003 సెకన్లు. 2004లో ఇటలీలో జరిగే ఒకరోజు పందెం మిలాన్–సాన్ రెమోలో ఎరిక్ జాబెల్ గెలిచేశాననుకుని గీతకు ముందే చేతులు పైకెత్తాడు. నిటారుగా లేచినందుకు గాలి అడ్డుపడింది, చేతులు హ్యాండిల్ మీద లేనందుకు సైకిల్ విసిరే అవకాశమూ పోయింది. పక్కనే ఉన్న ఆస్కార్ ఫ్రెయిరే విసిరాడు, గెలిచాడు.